వానకంటె ముందు నడవవలసిన లెక్క

వికారాబాదు పక్కనున్న అనంతగిరి కొండలమీద కురిసిన వాన రెండు దారులు పడుతుంది. తూర్పు వాలున పడిన నీరు మూసీనదియై హైదరాబాదు నగరం నడుమగా సాగి, నల్లగొండ సీమలో వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలున పడిన నీరు కాగ్నా నదియై తాండూరు మీదుగా కర్ణాటకలో ప్రవేశించి, భీమలో కలిసి, చివరకు అదే కృష్ణను చేరుతుంది. కొండ నెత్తిన ఒక చినుకు బారెడు ఇటు పడిందా, అటు పడిందా అనేదానిని బట్టి అది చూసే ఊళ్ళు వేరవుతాయి.

ఈ రెండు దారులలోను వానను గూర్చిన భయం ఒక్కటి కాదు. మూసీ ఒడ్డున ఉన్నది వరద భయం. 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన వరదలో హైదరాబాదులో పేటలకు పేటలే కొట్టుకొనిపోయి వేలాది జనం మరణించారు. ఆ తరువాతనే విశ్వేశ్వరయ్యగారి సలహామీద, 1920 నాటికి ఉస్మాన్ సాగరు, 1927 నాటికి హిమాయత్ సాగరు వెలిశాయి. తాండూరు వైపు రైతు భయం వేరు. అక్కడి నల్లరేగడిలో తొలకరికి విత్తిన కంది, కాలువ నీరు లేక, నెలల తరబడి వాననే నమ్ముకొని నిలుస్తుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు వెనుక ఉన్నది ఈ నిరీక్షణమే. విత్తిన వెంటనే వాన మొగం చాటువేసినా నష్టమే, పూతవేళ ముసురు పట్టినా నష్టమే. ఒకరికి వరద రాకముందు కొన్ని గంటల వ్యవధి కావాలి. మరొకరికి విత్తనం మట్టిలో వేయకముందు కొన్ని రోజుల వ్యవధి కావాలి. ఇద్దరికీ కావలసినది ఆకాశాన్ని గూర్చిన ఒక లెక్క. అయితే ఈ లెక్కకు ఒక విచిత్రమైన షరతు ఉన్నది. జవాబు ఎంత సరిగ్గా ఉన్నా, వాన కురిసి వెలిసిన తరువాత వస్తే దానికి కాగితం విలువకూడ లేదు.

వేలకొలది చిన్న గణకయంత్రాలను ఒకదానితో ఒకటి కలిపి ఒకే పని చేయించే పద్ధతి, అనగా సమాంతర గణనం, ఈనాడు ప్రపంచంలోని పెద్ద కంప్యూటర్లన్నింటికి ఆధారంగా ఉన్నది. ఈ పద్ధతిని మొట్టమొదట స్పష్టంగా ఊహించినది యంత్రాల నిపుణుడు కాదు. వాన లెక్క కట్టబోయి ఓడిపోయిన ఒక వాతావరణ శాస్త్రజ్ఞుడు.

ఆ లెక్క స్వరూపం తెలిసికొనడానికి తాండూరు బండలు పరచిన ఒక పెద్ద హాలును తలచుకొంటే చాలును. ఆకాశాన్నికూడ ఆ నేలవలె చదరపు గడులుగా విభజించాలి. ప్రతి గడిలోను గాలి పీడనం, వేడి, తేమ, గాలి వీచే దిశ, వేగం ఇంత ఇంత అని అంకెలు వేయాలి. నేలకు ఒకే వరుస చాలును గాని ఆకాశానికి చాలదు. ఒకదానిపై ఒకటిగా అనేక పొరల గడులు కావాలి. మరికొన్ని నిమిషాలకు ఒక గడిలోని అంకెలు ఎలా మారుతాయో తెలియాలంటే, ఆ గడిలో ఇప్పుడున్న అంకెలు, దానికి ఆనుకొన్న గడుల అంకెలు తెలిస్తే చాలు. తాండూరులో కురిసే వాన కొరకు ఈ నిమిషాన ఢాకా అంకెలు అక్కరలేదు. ఢాకా సంగతి గడి తరువాత గడిగా, అడుగు తరువాత అడుగుగా తనంతట తానే నడిచివస్తుంది. గాలి నడకకు కావలసిన సూత్రాలు పందొమ్మిదవ శతాబ్దంలోనే సిద్ధమైనాయి. వాటితో వాతావరణాన్ని ముందుగా లెక్కకట్టవచ్చునని 1904లో నార్వే దేశస్థుడు బ్యర్క్‌నెస్ సూచించాడు.

దానిని చేసి చూసినవాడు ఇంగ్లీషువాడైన లూయీ ఫ్రై రిచర్డ్‌సన్. యుద్ధాన్ని మతరీత్యా నిరసించే క్వేకరు శాఖవాడు కనుక, మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టక, ఫ్రాన్సులో క్షతగాత్రులను మోసే మోటారు బండి నడిపాడు. విరామవేళలలో, చేతితోనే, ఐరోపాలో 1910 మే 20వ తేదీనాటి వాతావరణాన్ని తీసికొని, ఆరుగంటల మార్పును రెండు చోట్లకు మాత్రం లెక్కకట్టాడు. అందుకు దాదాపు ఆరు వారాలు పట్టింది. వ్రాతప్రతి యుద్ధపు గందరగోళంలో పోయి, నెలల తరువాత బెల్జియంలో ఒక బొగ్గు కుప్పకింద దొరికింది. ఇంత పాటుపడితే వచ్చిన జవాబు శుద్ధ తప్పు. ఆరుగంటలలో గాలి పీడనం 145 మిల్లీబార్లు పెరగాలని లెక్క చెప్పింది. నిజానికి ఆనాడు అది ఇంచుమించు కదలనే లేదు. మామూలు పీడనం వేయి మిల్లీబార్లకు కొంచెం పైన కనుక, అది ఎంత అసంభవమైన సంఖ్యో గ్రహించవచ్చును. తప్పు కూడికలలో కాదు, మొదట వేసిన గాలి అంకెలలోని పొసగనితనంలో ఉన్నది. పీటర్ లించ్ అనే ఐరిష్ శాస్త్రజ్ఞుడు చాలాకాలం తరువాత ఆ మొదటి అంకెలను సరిచేసి అదే లెక్కను తిరిగి చేయగా, సరియైన జవాబే వచ్చింది.

రిచర్డ్‌సన్‌ను మెచ్చుకొనవలసినది ఆ ఓటమిని దాచకుండా 1922లో పుస్తకంగా అచ్చువేయించినందుకు. అంతకంటె ఆ పుస్తకంలో ఆయన కట్టిన ఒక ఊహాసౌధం కొరకు. గోళాకారమైన ఒక బ్రహ్మాండమైన నాటకశాల. దాని గోడలమీద లోపలివైపు ప్రపంచపటం. ఆ పటంమీద ఎవరి భాగం ఎదుట వారు కూర్చుండి లెక్కలు వేసే 64,000 మంది గుమాస్తాలు. ఆ రోజులలో కంప్యూటర్ అనే మాటకు అర్థం లెక్కలు వేసే మనిషి అనే. ప్రతివాడు తన భాగాన్ని మాత్రమే చూసుకొంటాడు. తన అంకెను ఇరుగుపొరుగువారికి కనబడేటట్లు ఒక దీపపు పలకమీద ఉంచుతాడు. నడుమ ఎత్తైన స్తంభంమీద నిలుచున్న పెద్ద, వాద్యబృందాన్ని నడిపించేవానివలె, అందరినీ ఒకే లయలో నడిపిస్తాడు. ముందుకు పరుగెత్తేవారిమీద గులాబిరంగు వెలుగు, వెనుకబడినవారిమీద నీలిరంగు వెలుగు వేయిస్తాడు. వాతావరణంతో సమానంగా పరుగెత్తాలంటే ఇంతమంది కావాలని ఆయన అంచనా. పనిని పంచడం, ఇరుగుపొరుగుతో మాత్రం మాట్లాడడం, అందరూ కలిసి అడుగువేయడం — సమాంతర గణనానికి కావలసిన మూడు విషయాలూ అందులో ఉన్నాయి. లేనిది యంత్రం ఒక్కటే.

యంత్రం వచ్చేసరికి దారి మారిపోయింది. 1950లో అమెరికాలో చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, ఫాన్ నాయ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు ఎనియాక్ అనే కంప్యూటరుమీద మొదటిసారి వాతావరణాన్ని లెక్కకట్టారు. 24 గంటల సూచనకు ఇంచుమించు 24 గంటలు పట్టింది. లెక్క వానతో సమానంగా నడిచిందన్నమాట. కాని ఆ తరువాత కంప్యూటర్ల నిర్మాణంలో స్థిరపడినది ఒకే గణకం, ఒకే జ్ఞాపకశాల, రెండింటికి నడుమ ఒకే బాట అనే పద్ధతి. ఇది తాండూరులో ఒకే ఒక పప్పుమిల్లు, దానికి ఒకే వాకిలి ఉన్నటువంటిది. మిల్లును ఎంత వేగంగా తిప్పినా, వాకిట కంది బస్తాల బండ్లు బారులు తీరి నిలిచినప్పుడు లోపలి వేగంవలన ప్రయోజనం తక్కువ.

ఈ బారు తప్పించాలని పట్టుబట్టినవాడు డేనియల్ స్లాట్నిక్. 1960ల తొలినాళ్ళలో అతడు సాలొమన్ అనే యంత్రానికి రూపకల్పన చేశాడు; అందులో 1,024 చిన్న గణకాలు ఒకే ఆజ్ఞకు ఒకేసారి కదలాలి. పిమ్మట ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో తలపెట్టిన ఇలియాక్-4లో 256 గణకాలు ఉండవలసింది. ఖర్చు అంచనాకు అనేక రెట్లు పెరిగి, చివరకు 64 మాత్రమే తయారైనాయి. అది 1972లో నాసావారి ఏమ్స్ కేంద్రానికి చేరినా, నమ్మకంగా పనిచేయడానికి మరి మూడేండ్లకు పైగా పట్టింది.

ఈలోగా ప్రతివాదులు బలపడ్డారు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన మాట చాల సామాన్యమైనది, తిరుగులేనిది. ఒక పనిలో పదవవంతు పంచడానికి వీలులేనిదైతే, తక్కిన తొమ్మిది వంతులకు వేయిమందిని పెట్టినా పని పదిరెట్లకు మించి త్వరపడదు. కలుపుతీతకు ఎందరు కూలీలు వచ్చినా, వారిని తెచ్చే బండి ఒక్కటే అయితే, బండి ఆలస్యం అందరి ఆలస్యమే కదా. మహాకంప్యూటర్ల నిర్మాతగా పేరుపొందిన సేమూర్ క్రే అయితే, పొలం దున్నడానికి రెండు బలమైన ఎద్దులు కావాలా, 1,024 కోడిపిల్లలు కావాలా అని ఎగతాళి చేశాడని చెబుతారు. నల్లరేగడి దున్నినవారెవరైనా ఎద్దులవైపే ఓటు వేస్తారు. అయితే పోలికలో ఒక లోపం ఉన్నది: నాగలి ఒక్కటే. కలుపుతీత అయితే? ఒక్కొక్క సాలుకు ఒక్కొక్కరు పట్టి సాగిపోతే, ఎద్దులకు అక్కడ పనేలేదు. ఆకాశపు గడుల లెక్క దుక్కివంటిది కాదు, కలుపుతీతవంటిది.

కోడిపిల్లలను ఎద్దులకు దీటుగా చేసినది వాటి చౌకతనం. 1971లో ఇంటెల్ కంపెనీ వెలువరించిన 4004 అనే చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లతో ఒక పూర్తి గణకం ఇమిడింది. పదేండ్లు గడిచేసరికి గణకం సైకిలు విడిభాగంవలె అంగట్లో కొనదగిన వస్తువైనది. 1983లో అమెరికాలోని కాల్‌టెక్ విద్యాసంస్థలో ఛార్లెస్ సైట్జ్, జెఫ్రీ ఫాక్స్ అనేవారు ఇటువంటి అంగడి చిప్పులనే 64 తెచ్చి కాస్మిక్ క్యూబ్ అనే యంత్రాన్ని కూర్చారు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. 64 గణకాలు ఒకదానితో ఒకటి మాట్లాడాలంటే ఎన్ని తీగలు కావాలి? ప్రతిదానినీ ప్రతిదానితో కలిపితే 2,016 తీగలు. సంఖ్య పెరిగినకొద్దీ ఇది అసాధ్యం. సైట్జ్ వాడిన ఉపాయం అందమైనది. ప్రతి గణకానికి సున్నలు, ఒకట్లతో ఆరు అంకెల పేరు పెట్టారు. పేర్లలో ఒక్క అంకె మాత్రమే తేడా ఉన్న గణకాలకు నడుమ తీగ వేశారు. అప్పుడు ప్రతిదానికి ఇరుగుపొరుగు ఆరే. మొత్తం తీగలు 192 మాత్రమే. ఏ కబురైనా అడుగుకు ఒక అంకె చొప్పున మార్చుకొంటూ, ఆరు అడుగులకు మించకుండా ఎక్కడికైనా చేరుతుంది.

పంపకంలోకూడ ఒక రహస్యం ఉన్నది. మళ్ళీ బండల నేలనే చూడవచ్చును. ఒక మేస్త్రీకి పది వరుసలు, వరుసకు పది బండలు చొప్పున 100 బండల ముక్క ఇస్తే, పక్క మేస్త్రీతో సరిచూసుకొనవలసిన అంచు బండలు 36. వందకు వంద చొప్పున 10,000 బండల ముక్క ఇస్తే అంచు బండలు 396 మాత్రమే. మొదటివానికి పనిలో మూడోవంతుకు పైగా ఇరుగుపొరుగుతో సంప్రదింపు. రెండవవానికి నూటికి నాలుగు వంతులు. పని పెద్దదైనకొద్దీ మాటల ఖర్చు పలుచబడుతుంది. ఆమ్‌డాల్ చెప్పిన హద్దు అబద్ధం కాలేదు గాని, వాన లెక్కవంటి పెద్ద లెక్కలలో అది చాల దూరంగా జరిగింది.

అదే దశాబ్దంలో బ్రిటన్‌కు చెందిన ఇన్‌మాస్ కంపెనీ ట్రాన్స్‌ప్యూటర్ అనే చిప్పును తయారుచేసింది. ఇరుగుపొరుగు చిప్పులతో మాట్లాడడానికి నాలుగు ద్వారాలు దాని ఒంటిలోనే అమర్చబడి ఉండడం దాని విశేషం. నాలుగు వైపుల మరి నాలుగింటిని ఆనించుకొనే బండవలె. అమెరికాలో డానీ హిల్లిస్ నిర్మించిన కనెక్షన్ మెషీన్‌లో అతి సామాన్యమైన గణకాలు 65,536 ఉన్నాయి. రిచర్డ్‌సన్ నాటకశాలలోని గుమాస్తాల సంఖ్యకు ఇది ఎంత సమీపమో చూడవచ్చును. ఇది కాకతాళీయమే, కాని ఊహకు యంత్రం అందడానికి అరవై ఏండ్లకు పైగా పట్టిందనడానికి చక్కని గుర్తు.

మన దేశంలో ఈ కథ గాలితోనే మొదలైనది. మొదట విమానం రెక్కమీది గాలితో. రెక్కను ఒరుసుకొనిపోయే గాలికి, అనంతగిరిని ఒరుసుకొనిపోయే ఋతుపవనానికి సూత్రాలు ఒక్కటే. 1986లో బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలవారు నాలుగు ఇంటెల్ చిప్పులతో ఫ్లోసాల్వర్ అనే సమాంతర యంత్రాన్ని నిర్మించారు. ప్రవాహపు లెక్కలు విప్పేది అనే అర్థంతోనే ఆ పేరు పెట్టారు. 1988లో రక్షణ పరిశోధన సంస్థ హైదరాబాదులో అనురాగ్ అనే ప్రయోగశాలను నెలకొల్పింది. మూసీ దిగువనున్న ఈ నగరంలో, మోటరోలా కంపెనీ చిప్పులు నాలుగింటితో మొదలుపెట్టి 128 వరకు పెంచదగిన పేస్ అనే యంత్రం రూపొందింది. దాని ఉద్దేశంకూడ విమానాలచుట్టు గాలి నడకను లెక్కించడమే. తెలుగుగడ్డమీద సమాంతర గణనానికి ఇది తొలి కార్యస్థానం అనవచ్చును. రక్షణశాఖ గోడలమధ్య జరిగిన పని కనుక దానికి రావలసినంత పేరు రాలేదు.

పేరంతా పూనాకు దక్కింది. అమెరికా క్రే యంత్రాన్ని ఇవ్వననడంవలన మనవారు పట్టుదలతో పరమ్‌ను నిర్మించారని తరచు చెప్పే కథ సగమే నిజం. క్రే వచ్చింది. అడిగిన పెద్ద నమూనాకు బదులు ఎక్స్ఎంపీ-14 అనే చిన్న నమూనాను, వాతావరణపు లెక్కలకు తప్ప మరి దేనికీ వాడరాదనే కట్టుబాటుతో ఇచ్చారు. మధ్యకాలిక వాతావరణ సూచనకొరకు 1988లో ఏర్పడిన జాతీయ కేంద్రంలో, ఢిల్లీలో, అది 1989లో పనికి కుదిరింది. తక్కిన శాస్త్రాలకు యంత్రం లేకపోవడం మాత్రం నిజమే. అందుకని 1988లో పూనాలో సి-డాక్ సంస్థ వెలసింది. విజయ్ భట్కర్ నాయకత్వాన, మూడేండ్ల గడువుతో పని ప్రారంభమైనది. ఎద్దును ఎవరూ అమ్మరు. కోడిపిల్లలు మాత్రం అంగట్లో దొరుకుతాయి. 1991లో ట్రాన్స్‌ప్యూటర్లను వలగా అల్లిన పరమ్-8000 సిద్ధమైనది. మొదటి యంత్రంలో 64 గణకాలు. 256 వరకు పెంచవచ్చును. రష్యాకుకూడ ఒకటి వెళ్ళింది.

1990లలో అసలు పరీక్ష వచ్చింది. ఢిల్లీలో క్రే మీద నడిచే టి-80 అనే వాతావరణ లెక్కను స్వదేశీ సమాంతర యంత్రాలమీద నడిపి చూశారు. తేలికగా సాగలేదు. కారణం ఆ లెక్క కట్టుబడిలోనే ఉన్నది. అది గడులతో మాత్రమే పనిచేసేది కాదు. భూగోళమంతటి గాలిని పెద్దవీ చిన్నవీ అయిన అలల కలయికగా వ్రాసి, అడుగడుగునా గడులనుండి అలలకు, అలలనుండి గడులకు మారేది. అల భూమిచుట్టూ వ్యాపించి ఉండేది కనుక, ప్రతి గణకానికి ప్రతి ఇతర గణకంనుండి కబురు కావలసివచ్చేది. ఇరుగుపొరుగు మాటలతో సరిపుచ్చుకొనే సుఖం పోయింది. ఒకే గణకంకొరకు వ్రాసిన లెక్కను అనేక గణకాలకు పంచి తిరిగి వ్రాయడమే యంత్రం కట్టడంకంటె కష్టమైన పని అని అందరూ తెలిసికొన్నారు. ఫ్లోసాల్వర్‌మీద అది నడిచిన తీరును 1994లో ప్రచురించారు. బొంబాయిలోని భాభా అణు పరిశోధన కేంద్రంవారి అనుపమ్ మీదకూడ ఆ లెక్క నడిచింది. తరువాతి కాలంలో ఎద్దుల పక్షంవారే దారి మార్చుకొన్నారు. నేడు ప్రపంచంలోని పెద్ద కంప్యూటర్లన్నీ వేల, లక్షల గణకాల గుంపులే.

వికారాబాదుకు, తాండూరుకు దీనివలన ఒనగూడినదేమిటి? టి-80 లెక్కలో ఒక్కొక్క గడి ప్రక్క దాదాపు 150 కిలోమీటర్లు. రైలుమార్గంలో 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రెండు ఊళ్ళనే కాదు, హైదరాబాదునుకూడ ఒకే గడి మింగివేయగలదు. మూసీకి వరద, కాగ్నాకు ఎండ అని చెప్పడానికి ఆ లెక్కలో నోరే లేదు. మూడు ఊళ్ళకు కలిపి ఒకే సంఖ్య. గడి ప్రక్కను సగం చేస్తే గడుల సంఖ్య నాలుగింతలవుతుంది. కాలపు అడుగుకూడ సగం కావాలి కనుక పని ఎనిమిదింతలు. 150నుండి 12 కిలోమీటర్లకు రావాలంటే పని ఇంచుమించు రెండువేల రెట్లు. 2018 నాటికి మన దేశపు భూగోళ వాతావరణ లెక్క ఆ 12 కిలోమీటర్ల మెట్టు చేరింది. ఆ ఏడే పూనాలో ప్రత్యూష్, నోయిడాలో మిహిర్ అనే యంత్రాలు పనిలోకి వచ్చాయి. 2024 సెప్టెంబరులో వాటి స్థానాలకు అర్క, అరుణిక అనే పెద్ద యంత్రాలు వచ్చాయి. 2025 మేలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి ప్రక్క 6 కిలోమీటర్లు.

అనగా ఇప్పుడు వికారాబాదు స్టేషనుకు, తాండూరు స్టేషనుకు నడుమ ఆరేడు గడులు పడతాయి. ఒక్కొక్కదానికి వేరువేరుగా గాలి, తేమ, వాన లెక్క ఉంటుంది. మూసీ పుట్టిన వాలు, కాగ్నా పుట్టిన వాలు మాత్రం ఇంకా ఒకే గడిలో ఇమిడిపోవచ్చును. వాటిని విడదీయాలంటే గడిని ఒక కిలోమీటరుకు తేవాలి. అందుకు పని మరి 216 రెట్లు.